నక్షత్రం లేని ప్రశ్న

మన పార్లమెంటులో ప్రశ్నలు రెండు వర్ణాలు. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేసి ఆయనను ఇంకొంచెం సేపు నిలబెట్టవచ్చు. లోక్‌సభలో రోజుకు అటువంటివి ఇరవై మాత్రమే. నక్షత్రం లేనివి రోజుకు 230 దాకా ఉంటాయి. వాటికి కాగితం మీద జవాబు రాసి సభ ముందు ఉంచితే చాలు. మంత్రి లేవనక్కరలేదు, సభ్యుడు విననక్కరలేదు, అసలు ఇద్దరూ సభలో ఉండనక్కరలేదు. పేదల వృద్ధాప్య పింఛను గురించిన ప్రశ్న తరచుగా ఈ రెండో వర్ణంలోనే పుడుతుంది. తాను ఏ నక్షత్రాన పుట్టిందో తనకే తెలియని ముసలమ్మ గురించి అడిగే ప్రశ్నకు నక్షత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద 60 నుంచి 79 ఏళ్ళ పేద వృద్ధులకు కేంద్రం నెలకు ఇస్తున్న 200 రూపాయలను పెంచే ఆలోచన ఉన్నదా? ఉంటే ఆ వివరాలు ఏమిటి? జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: ప్రస్తుతానికి అటువంటి ప్రతిపాదన ఏదీ పరిశీలనలో లేదు. ఇక వివరాల సంగతి అంటారా, ప్రతిపాదనే లేనప్పుడు ఆ ప్రశ్న ఉత్పన్నం కాదు. ఈ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. ముఖ్యంగా ఆ ‘ప్రస్తుతానికి’ అన్న మాట. ఈ ప్రస్తుతం 2007లో కూడా ఉంది. మధ్యలో ప్రభుత్వం మారింది, ప్రణాళికా సంఘం పోయి నీతి ఆయోగ్ వచ్చింది, పార్లమెంటుకే కొత్త భవనం వచ్చింది. ప్రస్తుతం మాత్రం అలాగే ఉండిపోయింది.

చరిత్ర అన్యాయంగా చెప్పకూడదు. పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా 1995 ఆగస్టు 15న ఈ జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైనప్పుడు పింఛను 75 రూపాయలు. 2007 నాటికి అది 200 అయింది. ఆ తర్వాత గ్రామీణాభివృద్ధిపై పార్లమెంటు వేసిన స్థాయీ సంఘం ఈ మొత్తం మరీ స్వల్పంగా ఉంది, పెంచండి అని ఒకసారి కాదు, పదే పదే రాసింది. అయితే వృద్ధులకు ప్రభుత్వం ఏమీ చేయలేదనడం కృతఘ్నత అవుతుంది. 2017 ఆగస్టులో రిజర్వు బ్యాంకు కొత్తగా 200 రూపాయల నోటు విడుదల చేసింది. అప్పటిదాకా రెండు కాగితాలు లెక్కపెట్టుకోవలసి వచ్చిన ముసలమ్మ ఆనాటి నుంచి ఒక్క కాగితంతో సరిపెట్టుకుంటున్నది. శ్రమ సరిగ్గా సగానికి తగ్గింది.

200ను ముప్పై రోజులకు పంచితే రోజుకు 6 రూపాయల 66 పైసలు. ఆ 66 పైసలను ఎవరూ ఇవ్వలేరు, ఎవరూ పుచ్చుకోలేరు. పావలా కాసును కూడా 2011లోనే చెల్లకుండా చేశారు. మిగిలిన ఆరు రూపాయలతో ఏమి వస్తుందని అడిగే అల్పజ్ఞులకు 2013 జూలై నాటి చర్చను గుర్తు చేస్తాను. దేశంలో పేదరికం తగ్గిందని లెక్కలు వచ్చిన ఆ వారంలో ఒక ఎంపీ గారు ముంబయిలో 12 రూపాయలకు కడుపునిండా భోజనం దొరుకుతుందన్నారు. అది విని ఆగలేక ఇంకొక ఎంపీ గారు ఢిల్లీలో 5 రూపాయలకే దొరుకుతుందన్నారు. కాబట్టి మన ముసలమ్మ రోజూ ఢిల్లీ వెళ్ళి భోజనం చేస్తే ఇంకా రూపాయి అరవై ఆరు పైసలు మిగులుతాయి. రైలు చార్జీ ఆమె వ్యక్తిగత విషయం.

ఇంతకీ ధరలు పెరుగుతాయన్న సంగతి మన చట్టసభలకు తెలియదేమోనని నేను చాలాకాలం జాలిపడ్డాను. అది నా పొరపాటు. ఎంపీల జీతాన్ని ఐదేళ్ళకొకసారి, ధరల పెరుగుదలను కొలిచే వ్యయ ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం సవరించాలని 2018లోనే చట్టం చేసుకున్నారు. ఆ చట్టం ప్రకారమే 2025 మార్చిలో నెల జీతం లక్ష నుంచి 1,24,000 అయింది, దినసరి భత్యం 2,000 నుంచి 2,500 అయింది, మాజీల పింఛను 25,000 నుంచి 31,000 అయింది. సభలో చర్చ లేదు, ప్రశ్న లేదు, స్థాయీ సంఘం బతిమాలింది లేదు. ఒక్క గెజిట్ ప్రకటనతో పని ముగిసింది. పైగా ఇది 2023 ఏప్రిల్ 1 నుంచే వర్తిస్తుంది. రెండేళ్ళకు జీతం బకాయి ఒక్కటే లెక్క కడితే 5,76,000. అంత సొమ్ము కళ్ళజూడాలంటే ముసలమ్మ 240 ఏళ్ళు పింఛను తీసుకోవాలి. అదే సూచీని, అదే గుమాస్తా, అదే కాలిక్యులేటరుతో 2007 నాటి 200కు వర్తింపజేస్తే 2025-26లో 580 పైచిలుకు వస్తుంది. కానీ ద్రవ్యోల్బణం కూడా మనిషిని చూసి సోకుతుందని శాస్త్రం కనిపెట్టినట్టుంది.

ముసలమ్మ పింఛనును ఎంపీ జీతం స్థాయికి పెంచమని అడగడానికి నేనేమీ బాధ్యత లేని మనిషిని కాను, ఖజానా ఏమైపోవాలి? అందువల్ల ఎంపీ జీతాన్నే పింఛను నిబంధనల కిందికి తెద్దామని నా మనవి. మొట్టమొదట, జీతం కోరే సభ్యుడు తాను పేదరికపు గీతకు దిగువన ఉన్నట్టు రుజువు చూపాలి. ఆయన ఎన్నికల అఫిడవిట్‌ను చూసిన గుమాస్తా కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, “మీ పేరు జాబితాలో లేదండీ” అంటాడు. సరే, పెద్దవారు చెప్పి ఆ గండం గట్టెక్కించారనుకుందాం. తర్వాత ఖాళీ ఉండాలి. ఈ పథకంలో వృద్ధుల సంఖ్యకు 2.21 కోట్ల దగ్గర గిరి గీశారు. ఆ గిరికి ఆధారం 2001 జనాభా లెక్కలు. కొత్తగా అరవై నిండినవారు లోపలికి రావాలంటే లోపలున్నవారు ఎవరో ఒకరు పోవాలి. కనుక కొత్తగా గెలిచిన సభ్యుడు పాత సభ్యులలో ఎవరికి జలుబు చేసింది, ఎవరికి ఆయాసం ఎక్కువైంది అని పరామర్శిస్తూ సభా ప్రాంగణంలో తిరుగుతూ ఉండాలి. అదృష్టం బాగుండి ఒక ఖాళీ వచ్చింది. ఇక వేలిముద్ర. బొటనవేలు పెట్టారు, యంత్రం పుచ్చుకోలేదు. తుడిచి పెట్టమన్నారు, తుడిచి పెట్టారు, పుచ్చుకోలేదు. చూపుడు వేలు, నడిమి వేలు, ఎడమ చెయ్యి, ఏదీ పడలేదు. కలుపు తీసి, ఇటుకలు మోసి గీతలు అరిగిపోయిన వేళ్ళకు ఇది మామూలే. మన సభ్యునికి మాత్రం ఏళ్ళ తరబడి బల్లలు చరిచి అరిగిపోయాయి.

“సర్వర్ డౌన్ అయింది, రేపు రండి” అన్నారు. రేపు రెండో శనివారం. సోమవారం వెళ్ళేసరికి బతికి ఉన్నట్టు ఇచ్చిన ధ్రువపత్రం గడువు దాటిపోయింది.

“బతికే ఉన్నాను కదయ్యా, నీ ఎదురుగానే నిలబడ్డాను కదా!”

“నాకు కనబడుతున్నారు సార్. సిస్టంలో కనబడటం లేదు.”

అన్నీ గడిచి, మూడు నెలల తర్వాత ఖాతాలో 200 పడతాయి. ఇదేమిటని అడిగితే, మీ నియోజకవర్గం ఉన్న రాష్ట్రం కనీసం ఇంకో అంత మొత్తాన్ని కలపాలని కేంద్రం ప్రోత్సహిస్తున్నదని చెబుతారు. ప్రోత్సాహానికి ఖర్చు లేదు. ఎనభై ఏళ్ళు నిండేదాకా ఓపిక పట్టిన సభ్యునికి 500 ఇస్తారు.

రాష్ట్రాలు నిజంగానే కలుపుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల పింఛను 2024 జూలై నుంచి 4,000. తెలంగాణలో 2019లో 2,016 అయింది. ఎన్నికల కోసం చేశారా అంటే చేశారు; ముసలమ్మకు ఓటు లేకపోతే ఆ మాత్రమూ వచ్చేది కాదు. అయితే ఈ కలిపిన సొమ్మును చూసి ఢిల్లీకి దిగులు పట్టుకుంటుంది. 2022 జూలైలో ప్రధానమంత్రి గారు బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభిస్తూ, ఓట్ల కోసం ఉచితాలను మిఠాయిలా పంచే ‘రేవ్డీ సంస్కృతి’ దేశాభివృద్ధికి ప్రమాదమన్నారు. నాటి నుంచి మన టీవీ చర్చల్లో ‘ఉచితాలు’ అన్న మాట పలికినప్పుడల్లా పండితుల ముఖాలు ఇంట్లో ఎవరో పోయినట్టు అయిపోతాయి. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కు తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది, అది ప్రోత్సాహకం. ముసలివాళ్ళు, వితంతువులు, వికలాంగులు అందరికీ కలిపి ఈ జాతీయ కార్యక్రమానికి 2025-26 బడ్జెట్‌లో పెట్టింది 9,652 కోట్లు. అంతకు ముందు ఏడాదీ సరిగ్గా 9,652 కోట్లే. కంపెనీలకు ఒక్క ఏడాది వదిలినది వీళ్ళకు పదిహేనేళ్ళు సరిపోతుంది. అయినా ఖజానా కుంగేది వీళ్ళ బరువుకేనట.

నన్ను నేను మినహాయించుకోవడం ధర్మం కాదు. 2025 ఫిబ్రవరి 1న పన్నెండు లక్షల ఆదాయం దాకా పన్ను లేదని ఆర్థిక మంత్రి ప్రకటించినప్పుడు సభలో బల్లలు మోగాయి, ఇంట్లో నేను చప్పట్లు కొట్టాను. ఆ రిబేటు ఏడాదికి 60,000 దాకా ఉంటుంది. నెలకు 5,000, అంటే పాతిక మంది ముసలమ్మల పింఛను ఒక్కొక్క మధ్యతరగతి జేబులో మిగులుతుంది. దాన్ని ఎవరూ ఉచితం అనలేదు, ఊరట అన్నారు. సబ్బుబిళ్ళ మీద, టీ పొడి మీద, కాళ్ళ నొప్పి మందు మీద పన్ను కట్టే ముసలమ్మ మాత్రం పన్ను చెల్లింపుదారుల సొమ్ము తింటున్నది.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాసుకొచ్చాను. ఈ పథకంలోనే వితంతువుల నిబంధన, వికలాంగుల నిబంధన దగ్గర నాకు నవ్వు రావడం లేదు. కేంద్రం ఇచ్చే 300 రూపాయల వితంతు పింఛను నలభై ఏళ్ళు నిండితేనే. ముప్పై ఏళ్ళకు మొగుడు పోయి, ఇద్దరు పిల్లలతో కూలికి వెళ్ళే మనిషిని పదేళ్ళు ఆగమంటారా? ఆ పదేళ్ళలోనే కదా పిల్లలకు ఆకలయ్యేది! వికలాంగుల పింఛను 300 కావాలంటే వైకల్యం 80 శాతం ఉండాలి. డెబ్బై అయిదు శాతం చూపు పోయినవాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని, ఇంకో అయిదు శాతం పోయాక రమ్మని చెప్పడానికి నోరెలా వస్తుంది? ఎవరి డబ్బు మిగులుతున్నది దీనితో? ఎంత మిగులుతున్నది? మూడు వందల రూపాయల దగ్గర కొలబద్ద పట్టుకుని మనిషి కంటిని కొలిచేవాళ్ళు, లక్షల కోట్లు వదిలేటప్పుడు కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవాళ్ళు ఒకే సర్కారులో, ఒకే పూట, ఒకే టీ తాగుతూ ఎలా పనిచేస్తున్నారో సిగ్గున్న దేశమైతే ముందు ఆ ప్రశ్న వేసేది.

క్షమించాలి, గొంతు పెరిగింది. నేను పింఛను పెంచమని అడగడం లేదు. ప్రతిపాదన పరిశీలనలో లేదని నాకు తెలుసు. వచ్చే సమావేశాల్లో ఏ పార్టీ సభ్యుడైనా సరే, ఈ ప్రశ్నకు ఒక్క నక్షత్రం గుర్తు పెట్టి పంపాలి. లాటరీలో అది ఆనాటి ఇరవైలో ఒకటిగా తగలాలి, అంతరాయాలు లేకుండా సభ నడవాలి, ఆ ప్రశ్న వంతు రావాలి. అప్పుడు మంత్రి గారు కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోవడానికి వీలుండదు. లేచి నిలబడి, మైకు ముందుకు వంగి, దేశమంతా వినేటట్టు నెలకు రెండు వందలు అని ఆ అంకెను తన నోటితో పలకాలి.