ఎర్రగడ్డను కూల్చి కట్టాలా?

హైదరాబాద్‌లో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "వీణ్ని ఎర్రగడ్డలో వెయ్యాలి" అంటారు. అలా అనేవాళ్లలో ఆ గేటు దాటి లోపలికి వెళ్లినవాళ్లు ఎందరో మరి. అక్కడి మానసిక ఆస్పత్రి 1953లో ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నా నుంచి వచ్చింది. 600 పడకలు. దాన్ని పూర్తిగా కూల్చి కొత్తగా కడదామని ఎవరైనా అంటే? ప్రభుత్వం ఏదో ప్రకటించిందని కాదు, ఇది ఊహించి రాసిన వాదన. మేనల్లుడు లండన్‌లో ఆర్కిటెక్టు, సెలవులకు వచ్చాడు. మేనత్త వేరే ఊళ్లో ఒక ప్రభుత్వ మానసిక ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. మధ్యలో సర్వపిండి ప్లేటు.

మేనల్లుడు: నేను చెప్పేది ఒకటే అత్తమ్మా. హాలుకు నలభై మంచాలు వేసే కాలం పోయింది. లండన్‌లో టూటింగ్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ ఆస్పత్రి ఉంది. 1841లో అదీ పిచ్చాసుపత్రిగానే మొదలైంది. స్థలంలో కొంత ఇళ్ల కోసం అమ్మి, ఆ డబ్బుతో కొత్త భవనాలు కట్టారు. మనిషికో గది, గదిలోనే బాత్రూమ్. 32 ఎకరాల పార్కు జనానికి తెరిచారు. మా పిల్లలు సైకిల్ తొక్కేది అందులోనే.

మేనత్త: బాత్రూమ్ మాట బాగుందిరా. మా వార్డులో బాత్రూమ్ తలుపుకు గడియ ఉండేది కాదు. లోపల ఏమైనా చేసుకుంటారని పీకేశారు. ఒకామె చీర కొంగు తలుపు సందులో దూర్చి, ఒక చేత్తో దాన్ని లాగి పట్టుకుని, రెండో చేత్తో మగ్గుతో నీళ్లు పోసుకునేది. రోజూ. మేం పిలిస్తే లోపల్నుంచి "ఉన్నా సిస్టర్, ఉన్నా" అనేది.

మేనల్లుడు: అదే కదా నేనంటున్నది! ఇప్పుడు బయటి నుంచి సిబ్బంది తెరవగలిగే గడియలున్నాయి. బరువు పడితే ఊడిపోయే కొక్కేలున్నాయి. ప్రాణానికి భద్రత, మనిషికి చాటు, రెండూ ఇవ్వొచ్చు. పాత గోడలకు సున్నం కొడితే అవి రావు.

మేనత్త: గడియ మార్చడానికి ఆస్పత్రి మొత్తం కూల్చాలా? సరే, మీ లండన్‌లో ఆ పాత భవనం ఏమైంది?

మేనల్లుడు: అది వారసత్వ కట్టడం, కూల్చలేదు. ఫ్లాట్లు చేశారు. మొత్తం స్థలంలో 839 ఇళ్లు.

మేనత్త: రోగులు బయటికి, కొనుక్కున్నవాళ్లు లోపలికి అన్నమాట.

మేనల్లుడు: అలా తీసిపారేయకు. ఆ డబ్బు ఆస్పత్రి నడిపే ట్రస్టుకే పోయింది, అక్కడే ఖర్చయింది.

మేనత్త: అదీ అసలు సంగతి. ఇక్కడ ఎవరికి పోతుంది? 2023లో కోకాపేటలో ఎకరం వేలంలో నూరు కోట్లు దాటింది. మెట్రో పక్కన, ఎర్రగడ్డలో ఖాళీ జాగా కనిపిస్తే ఊరుకుంటారా? 2015లో ఏమైంది? సచివాలయం కోసం అదే ఎర్రగడ్డలో ఛాతీ ఆస్పత్రి స్థలం కావాలన్నారు. ఆస్పత్రినేమో వికారాబాద్ అనంతగిరికి పంపుతామన్నారు. దగ్గుతో ఆయాసపడే మనిషి గుట్టెక్కాలట!

మేనల్లుడు: ఆగిపోయింది కదా అది. 2022లో అదే స్థలంలో టిమ్స్ అనే పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. ఆస్పత్రి జాగాలో ఆస్పత్రే వచ్చింది. జనం గొడవ చేస్తే ఆగుతుందని తెలిసింది కూడా.

మేనత్త: ఛాతీ ఆస్పత్రి కాబట్టి గొడవ చేశారు. మా పేషెంట్ల కోసం రోడ్డెక్కేదెవరు? వాళ్ల సొంతవాళ్లే రారు. డిశ్చార్జి రాసి ఇంటికి కార్డు వేస్తే "ఈ అడ్రసులో లేరు" అని వెనక్కి వచ్చేది. ఫోన్లొచ్చాక నంబరు మార్చేస్తున్నారు. జబ్బు తగ్గింది, మంచం ఖాళీ కాదు. నీ సింగిల్ రూమ్‌లోనూ అదే మనిషి అలాగే కూర్చుని ఉంటుంది, కాస్త మంచి కిటికీలోంచి చూస్తూ.

మేనల్లుడు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ అదే చెప్పింది. కుటుంబం లేదనో, వాళ్లు ఒప్పుకోలేదనో, ఉండడానికి ఇల్లు లేదనో ఎవర్నీ ఆస్పత్రిలో ఉంచడానికి వీల్లేదు. జబ్బు తగ్గినవాళ్లు బయట ఉండడానికి హాఫ్‌వే హోమ్‌లు ప్రభుత్వం చూడాలి.

మేనత్త: మరి ముందు అవి చూడమను! నెల మందుల కోసం ఆదిలాబాద్ నుంచి రాత్రంతా బస్సులో వచ్చే తల్లికి నీ పార్కు ఎందుకు? జిల్లాకో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడ సైకియాట్రీ ఓపీ సరిగ్గా నడిచి, ఫార్మసీలో మందు ఉంటే ఆమె ఎర్రగడ్డ ముఖమే చూడక్కర్లేదు. డబ్బు ఇటు పెట్టాలి, సిమెంటులో కాదు.

మేనల్లుడు: ఇక్కడే నీతో నాకు పేచీ. జిల్లాల్లో బాగుపడేదాకా ఇక్కడున్నవాళ్లు కొంగు పట్టుకుని స్నానం చేస్తూ ఉండాలా? తీవ్రంగా ఉన్న కేసుకు, పోలీసులు తెచ్చిన కేసుకు పెద్ద ఆస్పత్రి ఎప్పుడూ కావాలి. విడతలుగా కడదాం. ఒక బ్లాకు లేపి, జనాన్ని అందులోకి మార్చి, ఆ తర్వాతే పాతది ముట్టుకుందాం. సెంటు భూమి కూడా అమ్మొద్దు, ఒప్పుకుంటా.

మేనత్త: అమ్మకపోతే సగం గొడవ తీరినట్టే. నాదీ ఒక్క షరతు. కూలీ గడ్డపార ఎత్తే ముందు, తగ్గినవాళ్లు ఉండడానికి ఊళ్లో ఇళ్లు చూడాలి. మామూలు ఇళ్లు. ఐదుగురో ఆరుగురో, వంటకు ఒక మనిషి, వారానికోసారి నర్సు.

మేనల్లుడు: ఏ కాలనీలో?

మేనత్త: ఎక్కడైనా.

మేనల్లుడు: మీ అపార్ట్‌మెంట్‌లో 302 ఖాళీగానే ఉందిగా?

(మేనత్త సర్వపిండి ముక్క విరిచింది. తినలేదు.)

మేనత్త: పోయినేడు ఒకాయన అడిగాడురా. ఇలాంటి హోమ్ కోసమే, అద్దె ముందే ఇస్తానన్నాడు. అసోసియేషన్ వాళ్లు ఆడపిల్లలున్నారు, లిఫ్టులో ఎలా అన్నారు. పద్నాలుగు ఫ్లాట్లు, చేతులెత్తమన్నారు.

మేనల్లుడు: నువ్వు?

మేనత్త: నేను ఆ రోజు మీటింగ్‌కి వెళ్లలేదు.

మేనల్లుడు: ఎందుకు?

మేనత్త: మోకాళ్ల నొప్పి అని చెప్పాను... మళ్లీ మీటింగ్ ఆదివారం ఉంది. పార్కింగ్ గీతల గురించట. నీ ఫ్లైట్ ఎప్పుడు?

మేనల్లుడు: మంగళవారం.

మేనత్త: అయితే ఆ గడియల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని రా. ముందు వరసలో కూర్చుందాం.