బెంగళూరులో కారు కొంటున్నారా? ముందు గేర్‌బాక్స్ సంగతి తేల్చుకోండి

మారతహళ్లిలోనో హోసూరు రోడ్డులోనో షోరూమ్‌కి వెళ్లిన తెలుగు కుటుంబం ముందు ధర అడుగుతుంది, తర్వాత మైలేజీ, ఆ తర్వాత సన్‌రూఫ్. గేర్‌బాక్స్ గురించి మాత్రం ఒకే ఒక్క ప్రశ్న: "ఆటోమేటికేనా?" "ఆటోమేటికేనండీ" అంటాడు సేల్స్ కుర్రాడు. మాట అక్కడితో అయిపోతుంది. సిల్క్ బోర్డు, కేఆర్ పురం, హెబ్బాళ మధ్య రోజూ తిరగాల్సిన కారుకి అసలు అడగాల్సిన ప్రశ్నలు అక్కడే మొదలవ్వాలి.

ఆటోమేటిక్ అనే ఒక్క మాట వెనక మన మార్కెట్లో కనీసం ఐదు వేర్వేరు యంత్రాలున్నాయి. ఒకే పేరున్న కారులో కూడా ఇంజిన్ మారితే గేర్‌బాక్స్ మారిపోతుంది. హ్యుందాయ్ క్రెటానే తీసుకోండి. మామూలు 1.5 పెట్రోల్‌కి గేర్ల మెట్లు లేని సీవీటీ తరహా ఐవీటీ, 1.5 టర్బోకి రెండు క్లచ్‌లుండే 7 గేర్ల డ్యుయల్ క్లచ్, డీజిల్‌కి ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా అందించే 6 గేర్ల టార్క్ కన్వర్టర్. మూడూ ధరల పట్టికలో ఆటోమేటిక్కులే. టాటా నెక్సాన్ పెట్రోల్‌లో మాన్యువల్ గేర్‌బాక్స్‌నే యంత్రంతో నడిపే ఏఎంటీ ఉంది, డ్యుయల్ క్లచ్ డీసీఏ కూడా ఉంది. 2022లో వచ్చిన వోక్స్‌వ్యాగన్ వర్టస్‌లో 1.0 లీటర్ ఇంజిన్‌కి టార్క్ కన్వర్టర్, 1.5 లీటర్‌కి డ్యుయల్ క్లచ్ డీఎస్‌జీ. పక్కింటాయన "నా క్రెటా వెన్నలా పోతుంది" అంటే, ఆయనది ఈ మూడింట్లో ఏది అని తెలుసుకోకుండా మీరు టర్బోకి బుకింగ్ ఇస్తే, మీరు కొన్నది వేరే బండి.

ఈ తేడా మన ఊళ్ల హైవేల మీద పెద్దగా బయటపడదు. అనంతపురం దాటి కర్నూలు వైపు 90లో పోతుంటే అన్నీ బాగానే ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ఆరున్నరకి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పాకుతున్నప్పుడే అసలు పరీక్ష. ఇంజిన్ ఐడిల్లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ ఉంటుంది, చక్రాలు దాదాపు ఆగి ఉంటాయి. ఈ రెంటి మధ్య తేడాని ఎక్కడో ఒకచోట జారుడుతోనే సర్దాలి. జారుడంటే రాపిడి, రాపిడంటే వేడి. ఆ వేడి ఎక్కడ పుడుతుంది, ఎలా బయటికి పోతుంది అన్నదాన్ని బట్టే గేర్‌బాక్స్ ఆయుష్షు.

డ్రై డ్యుయల్ క్లచ్‌లో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి బేసి గేర్లకి, రెండోది సరి గేర్లకి. చుట్టూ నూనె ఉండదు, వేడి తీసుకుపోవడానికి గాలి తప్ప మరో దారి లేదు. కారు కదలకపోతే ఆ గాలీ ఆడదు. ట్రాఫిక్‌లో బండి ఒకటీ రెండూ గేర్ల మధ్య ఊగుతుంటే రెండు క్లచ్‌లూ వంతులవారీగా కాలుతాయి. మొదట కదిలేటప్పుడు సన్నటి వణుకు, తర్వాత గేరు పడేటప్పుడు చిన్న కుదుపు, చివరికి డాష్‌బోర్డు మీద ట్రాన్స్‌మిషన్ వేడెక్కిందన్న హెచ్చరిక. అప్పుడు బండిని పక్కకి తీసి, గేర్ లివర్‌ని పీ (పార్కింగ్)లో పెట్టి, ఇంజిన్ ఆపకుండా హెచ్చరిక పోయేదాకా ఆగాలి. తొందరపడి ముందుకి తోస్తే ఆ తర్వాత మార్చాల్సింది క్లచ్ ప్యాక్ మొత్తాన్ని. దాని ఖర్చు మాన్యువల్ క్లచ్ ఖర్చుకి కొన్ని రెట్లు.

ఇలాంటి బండి ఇప్పటికే చేతిలో ఉంటే నడిపే తీరు మార్చుకోవాలి. ముందు కారు అడుగు జరగ్గానే మీరూ అడుగు జరపొద్దు. రెండు కార్ల పొడవు ఖాళీ వచ్చేదాకా బ్రేకు పూర్తిగా నొక్కి ఉంచి, ఒక్క ఊపులో కదలండి. బ్రేకు పూర్తిగా నొక్కితే క్లచ్ పూర్తిగా విడిపోతుంది. సగం నొక్కి పాకిస్తే మాత్రం క్లచ్ జారుతూనే ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కుడులో యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. పాకుడు మరీ ఎక్కువగా ఉంటే మాన్యువల్ మోడ్‌లో మొదటి గేరు పట్టి ఉంచితే ఒకటి-రెండు ఊగులాట తగ్గుతుంది. వెట్ క్లచ్ రకంలో, అంటే టాటా డీసీఏ లాంటి వాటిలో, నూనె వేడిని లాక్కుపోతుంది కాబట్టి ఈ నగరానికి అదే కొంత నయం. ఆ నూనె మార్చే గడువు మాత్రం దాటనివ్వకూడదు.

2014లో మారుతి సెలెరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు వేయడం మీ కాలూ చేయీ బదులు ఒక యాక్చుయేటర్ చేస్తుంది. చవక, మైలేజీ మాన్యువల్‌తో సమానం, విడి భాగాలు తేలిగ్గా దొరుకుతాయి. గేరు మారేటప్పుడు తల ఊపుతుందన్నది నిజమే, కానీ తొలి కారు కొనే కుటుంబానికి దీన్ని నేను తప్పు పట్టను. క్లచ్ మార్పించినప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో స్కానర్ పెట్టి కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించాలి. సందు చివరి మెకానిక్ ఆ పని చేయకుండా బండి అప్పగిస్తే కుదుపులు తగ్గవు. పాపం ఆ నింద కొత్త క్లచ్ మీద పడుతుంది.

టార్క్ కన్వర్టర్‌లో జారుడంతా నూనెలోనే. పాకేటప్పుడు జారి అరిగే పొడి క్లచ్ ప్లేటు అక్కడ లేదు, వేడి కూలర్‌కి పోతుంది. ఈ నగరంలో పదేళ్లు ఒకే కారు ఉంచుకునేవాళ్లకి నా మొదటి ఓటు దీనికే. మైలేజీ ఒకటి రెండు కిలోమీటర్లు తగ్గినా సరే. చక్కగా చూసుకునే సీవీటీది రెండో స్థానం. అందులో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుపు ముందు, వేగం తర్వాత. కానీ ట్రాఫిక్‌లో దానంత హాయి మామూలు పెట్రోల్ కార్లలో ఇంకే గేర్‌బాక్స్‌లోనూ ఉండదు.

ఇంజిన్ విషయంలో బెంగళూరుకొక ప్రత్యేకత ఉంది. ఊరు సముద్ర మట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. గాలి సాంద్రత ఇక్కడ సుమారు 9 శాతం తక్కువ కాబట్టి టర్బో లేని ఇంజిన్ బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. నెల్లూరులో చురుగ్గా అనిపించిన 1.2 పెట్రోల్ ఇక్కడ నలుగురితో, ఏసీతో బేస్‌మెంట్ ర్యాంపు ఎక్కేటప్పుడు ఆయాసపడటానికి ఒక కారణం ఇదే. గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే టర్బో ఈ లోటుని చాలావరకు పూడ్చుకుంటుంది. అలాగని టర్బో అనగానే డ్రై డ్యుయల్ క్లచ్ తీసుకోవాల్సిన పని లేదు. టర్బోకి టార్క్ కన్వర్టర్ జతచేసిన వేరియంట్లు ఉన్నాయి, వెతకాలి.

డీజిల్ ప్రియులకి ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ప్రతి డీజిల్ కారులోనూ ఉంది. ఆ మసి కాలాలంటే బండి పదిహేను ఇరవై నిమిషాలు 60 పైన ఆగకుండా నడవాలి. వైట్‌ఫీల్డ్ ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్ల ఆఫీసుకి మాత్రమే తిరిగే కారుకి ఆ అవకాశం రాదు. దహనం మొదలై మధ్యలో ఆగిపోతుంటే కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ కొలిచే కడ్డీ (డిప్‌స్టిక్) మీద ఆయిల్ మట్టం పెరుగుతోందంటే సంతోషించాల్సింది లేదు, వెంటనే ఆయిల్ మార్పించాలి. డీపీఎఫ్ దీపం వెలిగిన రోజే దేవనహళ్లి వైపో హోసకోటె వైపో అరగంట తిప్పుకొస్తే చాలావరకు సర్దుకుంటుంది. నెలకి రెండుసార్లు తిరుపతికో హైదరాబాద్‌కో పోయేవాళ్లకి డీజిల్ ఇప్పటికీ మంచి బండే. మిగతావాళ్లు దాని జోలికి వెళ్లకపోవడం మేలు.

ఈ రద్దీకి ఇంజనీర్లు చెప్పిన సరైన జవాబు, పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బండిని ఒంటరిగా కదపగల కరెంటు మోటారూ ఉండే స్ట్రాంగ్ హైబ్రిడ్ అని నా గట్టి నమ్మకం. టయోటా హైరైడర్‌లో ఈ-సీవీటీ అని పిలిచేదానిలో బెల్టూ లేదు, జారే క్లచ్చూ లేదు. ప్లానెటరీ గేర్లు, రెండు మోటార్లు. పాకుతున్నంతసేపూ ఎక్కువ భాగం ఇంజిన్ ఆగే ఉంటుంది, ఏసీ కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది కనుక చల్లదనం తగ్గదు. బ్యాటరీకి గాలి పీల్చే జాలీ మోడల్‌ని బట్టి సీటు కిందో పక్కనో ఉంటుంది. దాని మీద సంచులు పెట్టకుండా, దుమ్ము పట్టకుండా చూసుకుంటే చాలు.

పన్ను దగ్గరే నాకు కడుపు మండుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ లెక్కలో 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కారుకి 18 శాతం, ఎలక్ట్రిక్‌కి 5 శాతం. ఊరి పక్కన బిడదిలో తయారై, అదే సైజు పెట్రోల్ కారు కంటే ట్రాఫిక్‌లో ఎంతో తక్కువ ఇంధనం తాగే 1.5 లీటర్ హైబ్రిడ్‌కి మాత్రం 40 శాతం. పక్కన నిలబడి పొగ వదిలే పెద్ద పెట్రోల్ ఎస్‌యూవీకీ అదే 40. పొడవునీ సీసీనీ కొలిచే టేపు పక్కన పెట్టి, కిలోమీటరుకి ఎంత ఇంధనం కాలుతుందో చూసి పన్ను వేస్తే ఈ కారు మధ్యతరగతికి అందేది.

సొంత ఫ్లాట్, సొంత పార్కింగ్, అక్కడికి మీ మీటర్ నుంచి లాగిన 15 ఆంప్ పాయింట్ ఉంటే ఎలక్ట్రిక్ ఇంకా మేలు. రాత్రి పది గంటలు పెడితే సుమారు 30 యూనిట్లు ఎక్కుతాయి. రోజుకి 40 కిలోమీటర్ల ఆఫీసు ప్రయాణానికి అయ్యేది ఆరేడు యూనిట్లే. అద్దె ఇంట్లో ఉండి, అసోసియేషన్ అనుమతి కోసం తిరుగుతున్నవాళ్లు మాత్రం పాయింట్ చేతికొచ్చేదాకా బుకింగ్ ఇవ్వొద్దు.

మనవాళ్ల కార్లన్నీ ఏడాదికొక్కసారైనా తిరుమల వెళ్తాయి కాబట్టి దిగుడు సంగతి కూడా చూడాలి. దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డులో. మలుపు మలుపుకీ బ్రేకు మీదే ఆధారపడితే ప్యాడ్లు కాలి పెడల్ మెత్తబడుతుంది. ఏఎంటీ, డ్యుయల్ క్లచ్, టార్క్ కన్వర్టర్లలో మాన్యువల్ మోడ్‌కి మారి రెండో గేరులో దిగాలి, సీవీటీలో లివర్‌కి ఎల్ స్థానం ఉంటే ఎల్, టయోటా హైబ్రిడ్‌లో బీ. ఎలక్ట్రిక్ కారుని కొండ మీద నూరు శాతం ఛార్జ్ చేసి దిగొద్దు. నిండిన బ్యాటరీ, వేగం తగ్గేటప్పుడు మోటారు తిరిగి పంపే కరెంటుని (రీజెన్‌ని) తీసుకోలేదు, భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది.

టెస్ట్ డ్రైవ్‌కి షోరూమ్ వాళ్లు ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు చూపిస్తారు. వద్దనండి. పనిరోజు సాయంత్రం ఆరు తర్వాత అరగంట అడగండి. ఇంట్లోవాళ్లందర్నీ ఎక్కించి, ఏసీ వేసి, పాకే ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు నడిపాక నేరుగా ఒక బేస్‌మెంట్‌కి తీసుకెళ్లండి. ర్యాంపు సగంలో ఆపి, బ్రేకు వదిలి, బండి వెనక్కి జారకుండా ఆపే హిల్ హోల్డ్ రెండు సెకన్లు పట్టి ఉంచుతుందో లేదో, కదిలేటప్పుడు వణుకు వస్తోందో లేదో చూడండి. తర్వాత అదే ర్యాంపు మీద రివర్స్‌లో ఎక్కించండి. గేర్‌బాక్స్ ఆయిల్ ఎన్ని వేల కిలోమీటర్లకి మార్చాలో ఓనర్ మాన్యువల్ పేజీలో చూపించమనండి. "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అంటే ఆ మాట నమ్మకుండా, సీవీటీకి 40 వేల దగ్గర, టార్క్ కన్వర్టర్‌కి 60 వేల దగ్గర మీ ఖర్చుల పుస్తకంలో ఇప్పుడే రాసిపెట్టుకోండి.