ఐ7 పేరు చూసి డబ్బులు పారేసుకోబాకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీ పిల్లల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "గేమింగ్ పీసీకి లక్షలు అక్కర్లేదు. 40 వేలకే ఐ7 ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్‌తో పాటే 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (మిషనుకి కరెంటిచ్చే డబ్బా). ఏ గేమైనా ఆడుతుంది. కార్డు కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు." అంకెలన్నీ పెద్దవే కాబట్టి చదవగానే నమ్మబుద్ధి అవుతుంది. ఇంట్లో బతిమాలి తెచ్చుకున్న డబ్బులతో ఇది కొనే పిల్లల కోసం, మాటకు మాట జవాబు చెప్పాలి.

"ఐ7 ఉంటే చాలు." ముందు ఏ తరం ఐ7 అని అడగండి. ఆ ధరకి పెట్టెలో పెట్టి ఇచ్చేది ఎక్కువగా ఐ7-2600 గానీ ఐ7-3770 గానీ. మొదటిది 2011లో, రెండోది 2012లో వచ్చింది. రెండిటికీ 4 కోర్లు (పనిచేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కీ అవే 4 కోర్లు, 8 థ్రెడ్లు, కానీ ఒక్కో కోరు చేసే పని ఐ7-2600 కంటే దాదాపు రెట్టింపు. పైగా ఆ పాత రెండిటిలో ఏవీఎక్స్2 (ప్రాసెసర్‌కి తెలియాల్సిన ఒక రకం ఆదేశాలు) లేదు. అది లేకపోతే కొన్ని కొత్త గేములు తెరుచుకోవు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఇంటెల్‌లో అధికారికంగా 8వ తరం నుంచే. అడ్డదారిన ఎక్కించినా, విండోస్ 11 మీద వాలరెంట్ గేము టీపీఎం 2.0 (కంప్యూటర్ భద్రతా చిప్పు), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే మిషను తెరుచుకునే సెట్టింగ్) రెండూ అడుగుతుంది. ఆ కాలపు బోర్డుల్లో టీపీఎం 2.0 దొరకదు. ఆ ఒక్క ఆట కోసమే మిషను కొన్న పిల్లోడి గతి ఏం కాను?

తక్కువ బడ్జెట్‌లో తీసుకోదగ్గవి ఐ3-12100ఎఫ్, ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 5600. ఈ మూడిటిలోనూ లోపల గ్రాఫిక్స్ లేదు. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి గుచ్చితే తెర నల్లగానే ఉంటుంది, కార్డుకే గుచ్చాలి. "కార్డు తర్వాత కొందాం" అనుకోవడం వీటి దగ్గర అసలు కుదరదు.

"4 జీబీ కార్డు." జీబీ ఒక్కటే చూసి కార్డు కొనడం, ట్యాంకు సైజు చూసి పైపు సంగతి మరిచిపోవడం లాంటిది. 64 బిట్ డీడీఆర్3 (పాత రకం మెమరీ) జీటీ 730 కార్డులోనూ 4 జీబీ ఉంటుంది, జీడీడీఆర్5 మెమరీ ఉన్న జీటీఎక్స్ 1650లోనూ 4 జీబీ ఉంటుంది. మొదటి దాంట్లో మెమరీ నుంచి సెకనుకి కదిలేది 14.4 జీబీ, రెండో దాంట్లో 128 జీబీ. ట్యాంకు ఒకటే, పైపు తొమ్మిదింతలు తేడా. జీటీ 730 తెర చూపించడానికి పనికొస్తుంది, గేముకి కాదు.

మానిటర్ పక్కన పెడితే, పెట్టే రూపాయిలో 40 పైసలు కార్డుకే పోవాలి. 1080పీలో (ఫుల్ హెచ్‌డీ తెర మీద) ఆడేవాళ్లకి ఆర్ఎక్స్ 6600 లాంటి 8 జీబీ కార్డు, పైన చెప్పిన ప్రాసెసర్లకి సరిజోడు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీతో జాగ్రత్త. దానికి ఉన్నవి 4 పీసీఐఈ లేన్లే (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారులు). రైజెన్‌కి వాడే ఏ520, బీ450 బోర్డుల్లో స్లాటు పాత పీసీఐఈ 3.0 కాబట్టి ఆ దారి కూడా సగమైపోతుంది.

"32 జీబీ ర్యామ్." ధరలు మండిపోతున్న రోజుల్లో ఇది దండగ. 16 చాలు, కానీ 8 చొప్పున రెండు తీసుకోండి. ఒక్కటే 16 స్టిక్కు వేస్తే డ్యూయల్ చానల్ (రెండు స్టిక్కుల నుంచి ఒకేసారి డేటా రావడం) పోయి గేములో ఫ్రేములు తగ్గిపోతాయి. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4లో గుచ్చండి. తర్వాత బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడులో నడిపే సెట్టింగ్, ఆన్ చేయాలి. చేయకపోతే 3200 అని రాసి ఉన్న చాలా స్టిక్కులు 2133 దగ్గరో 2666 దగ్గరో ఆగిపోతాయి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి మెమరీ నొక్కితే స్పీడు కనిపిస్తుంది.

"క్యాబినెట్‌తో వచ్చే 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్." అన్నిటికంటే ప్రమాదం ఈ మాటలోనే ఉంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 500ని వదిలేసి, పక్కన స్టిక్కరు మీద చిన్న గడులు చూడండి. +12వీ అని ఉన్న గడి కింద ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. 16 ఆంపియర్లుంటే 192 వాట్లు. కార్డూ ప్రాసెసరూ తినేది ఆ 12 వోల్టుల లైను నుంచే. ఆర్ఎక్స్ 6600కి 132 వాట్లు, ఐ5-12400ఎఫ్‌కి గట్టిగా పని పడితే 117, ఫ్యాన్లు, బోర్డు, డిస్కులకి ఇంకో 50. మొత్తం దాదాపు 300. 192 ఇచ్చేదాని మీద 300 పెడితే మెనూ దాకా బాగానే ఉంటుంది. గేములో కాల్పులు మొదలై కార్డు ఒక్కసారిగా కరెంటు లాగగానే టప్పున రీస్టార్ట్. పిల్లలు విండోస్ పాడైందనుకుని మూడుసార్లు ఫార్మాట్ చేస్తారు, తప్పు అక్కడ లేదు. ఇట్టాంటి ఎస్‌ఎంపీఎస్‌కి కార్డుకి కరెంటిచ్చే పిన్ను కూడా ఉండదు. మోలెక్స్ (పాత డిస్కులకి కరెంటిచ్చే పిన్ను) నుంచి మార్చే కన్వర్టర్ ఇస్తామంటారు, తీసుకోబాకండి, వేడెక్కి కరుగుతుంది. "అన్నా, 12 వోల్టుల మీద ఎన్ని ఆంపియర్లు?" అని అడగండి. 36కి తగ్గకుండా, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందనే ముద్ర) ఉన్న 450 నుంచి 550 వాట్లది తీసుకోండి.

యూపీఎస్ కూడా ఇదే లెక్క. డబ్బా మీద 600 వీఏ అని ఉన్నా చాలా వాటిలో ఇచ్చేది 360 వాట్లే. మానిటర్ కలిస్తే కరెంటు పోయిన క్షణమే అదీ ఆరిపోవచ్చు. అద్దె గదుల్లో క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఎర్తింగ్ లేదని అర్థం. ముందు ఆ ప్లగ్గు సంగతి చూడండి.

మెసేజ్‌లో చెప్పనిది ఎండ. మే నెలలో మన గదుల్లో వేడి 40కి చేరితే, ఏ ఫ్యానూ లోపలి వేడిని అంతకన్నా కిందికి దించలేదు. ముందంతా గాజు ఉన్న క్యాబినెట్ అందంగా ఉంటుంది, గాలి ఆడదు. జాలీ ఉన్నది తీసుకుని ముందు రెండు, వెనక ఒకటి 120 ఎంఎం ఫ్యాన్లు పెట్టండి. చీమకుర్తి వైపు గ్రానైట్ పొడికి నెలకోసారి దుమ్ము దులపాల్సిందే. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో పట్టుకోండి, వదిలేస్తే విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది.

పినాకిని రైల్లో చెన్నై వెళ్లి రిచీ స్ట్రీట్‌లో కొన్నా, ఊళ్లో ట్రంకు రోడ్డులో కొన్నా, సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు తీసుకోండి. డబ్బులు పూర్తిగా కట్టే ముందు ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ (కార్డు, ప్రాసెసర్ వాడకం చూపించే సాఫ్ట్‌వేర్) వేయించి అరగంట గేము నడిపించండి. వీసింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఫ్రేముల పరిమితి తీసేసి చూస్తే కార్డు వాడకం 95 శాతం పైన ఉండాలి. 60 దగ్గరే ఆగి ఏదో ఒక కోరు 100 చూపిస్తుంటే ప్రాసెసర్ లాగలేకపోతోంది. మధ్యలో రీస్టార్ట్ అయితే బిల్లు కొట్టించకుండా ఎస్‌ఎంపీఎస్ మార్పించండి.