గడప తొక్కనివ్వని క్లీన్‌రూమ్ దొరగారికి

అయ్యా,

బరంపురం నుంచి, మీ గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డ స్టోర్స్ సూపర్‌వైజరు నమస్కరించి రాయునది.

గాలిలో దుమ్మునీ లెక్కపెట్టి రానిచ్చే గదిగారు మీరు, మా చిన్న ఫ్యాక్టరీకి వేంచేస్తున్నారని తెలిసి ఆర్నెల్లయింది. కొత్త అల్లుడికి కూడా మేం ఇంత హడావిడి చెయ్యం. మొదటి మీటింగు మూడు గంటలు నడిస్తే, రెండున్నర గంటలు మీ తలుపు రంగు మీదే పోయాయి. లోపల ఎంతమంది పనిచేస్తారు, ఏ మిషను ఎంత వేడి వదుల్తుంది, సరుకు ఏ దారిన లోపలికొచ్చి ఏ దారిన బయటికెళ్తుంది అని అడుగుదామనుకున్నాను. ఈలోగా టీ వచ్చేసింది. తీరా గాలి గొట్టాలు (డక్టులు) బిగించాక చూస్తే, పదిమంది పనిచేసే చోట బట్టలు మార్చుకునే గది ఇద్దరికి సరిపడా కట్టారు. ఇప్పుడు ఒకరు ఒంటికాలి మీద నిలబడి బూటు తొడుక్కుంటుంటే, రెండోవారు ఒళ్ళంతా కప్పే సూటు నేలకి తగలకుండా గుప్పిట్లో పోగుచేసుకుని ఊపిరి బిగపట్టాలి. ఇంతా అయ్యాక ఎవరికైనా బాత్‌రూం గుర్తొచ్చిందా, కథ మళ్ళీ మొదటికి.

తమరిది క్లాస్ 8 అట. క్లీన్‌రూముల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14644 లెక్క ప్రకారం ఘనపు మీటరు గాలిలో అర మైక్రాను, అంతకు మించిన కణాలు 35,20,000 దాటకూడదు. తలవెంట్రుకే ఇంచుమించు 70 మైక్రాన్ల మందం ఉంటుంది. అంటే కంటికి ఆనని దుమ్ముకి మేం భయపడాలి. ఆ భయం మావుసికి నేర్పే పని నామీద పడింది. మావుసి అంటే ఒడియాలో పిన్ని. మా దగ్గర ఊడ్చే ఆవిడ తెలుగావిడే, అయినా ఊరందరికీ మావుసే.

"సీపురు లేకుండా శుభ్రమేటి బాబూ? కనబడని దుమ్ము తుడిసేనో లేదో నీకెలా తెలుస్తాది?" అంది.

"లెక్కపెట్టే మిషనుంది మావుసీ."

"అయితే దాన్నే తుడవమను."

ట్రైనింగుకి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. పైనుంచి కిందికి తుడవాలి, లోపలి మూల నుంచి మొదలెట్టి వెనక్కి నడుస్తూ తలుపు దగ్గర తేలాలి, ఒక గీత మీద కొంచెం ఎక్కేలా రెండో గీత పడాలి, తుడిచిన చోట కాలు పెట్టకూడదు. దీనికి పన్నెండు స్లైడులు. మావుసి అన్నీ ఓపిగ్గా చూసి, "ఇల్లు అలకడమా? ముందే సెప్పొచ్చు కదా" అని మాప్ అందుకుంది. ఆయన ఇంకో స్లైడు వెయ్యలేదు.

ఆడపిల్లల మీద మీకేం పగో గానీ, పౌడరు వద్దు, కాటుక వద్దు, గాజులు వద్దు, బొట్టు వద్దు అన్నారు. బట్టలు మార్చుకునే గది అద్దం చూశారా? పొద్దున్న ఎనిమిదింటికల్లా దాని అంచు పొడుగునా స్టిక్కర్ బొట్లు వరసగా అంటుకుని ఉంటాయి. మెరూనువి, నల్లవి, చమ్కీవి. సాయంత్రం ఎవరిది వాళ్ళు ఒక్క పొరపాటు లేకుండా తీసి పెట్టుకుని ఇంటికి పోతారు. సరుకు లేబుళ్ళు కలిసిపోకుండా చూడ్డానికి నేను మాత్రం మూడు రిజిస్టర్లు రాస్తున్నాను.

ఇక మీ గాలి సంగతి. తలుపు తీసినప్పుడు గాలి లోపల్నుంచి బయటికే తన్నాలని, బయటికన్నా 15 పాస్కళ్ళు ఎక్కువ ఒత్తిడి పెట్టుకుని కూర్చుంటారు. పక్కనే గోపాలపురం సముద్రం. ఎండాకాలమంతా ఒళ్ళు జిడ్డు. ఆ తేమ పిండడానికి ఇంకో మిషను, దానికి ఇంకో బిల్లు. ఇంతటి దొరగారూ కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కాసేపట్లోనే ఒత్తిడి మీటరు ముల్లు సున్నాకి జారి మా స్టోర్స్ గదితో సమానమైపోతారు. ఆ ముల్లుకేసి చూస్తూ టెన్షన్ పడేది నేనూ, నా కన్నా ఎక్కువ మేనేజరుగారూ.

రేపు కణాలు లెక్కపెట్టేవాళ్ళు వస్తున్నారు. రాత్రే గడ్డం గీసుకున్నాను, పౌడరు ముట్టలేదు. ముల్లు 15 దగ్గర నిలబెట్టే పూచీ తమరిది.

ఇట్లు,
గడప బయటివాడు

తా.క.: కాగితం పీచు రాలుస్తుందని, పెన్సిలు పొడి రాలుస్తుందని రెండూ లోపలికి రానివ్వరట కదా. అందుకని ఈ ఉత్తరం మీకు చేరదు. మీ తలుపు అద్దానికి బయటివైపు అంటించాను, వీలుంటే లోపల్నుంచి చదువుకోండి. అక్షరాలు తిరగబడి కనిపిస్తే నా తప్పు కాదు.