జ్వరం లేకపోతే ఇన్ఫెక్షన్ లేనట్టేనా? మా గ్రూపులో తిరిగిన ఫార్వర్డ్‌కి జవాబు

బెజవాడ సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మూడో అంతస్తు బాబాయ్‌గారు ఒక ఫార్వర్డ్ పెట్టారు, మీకూ ఈపాటికి వచ్చే ఉంటుంది. 60 దాటినవాళ్లకి జ్వరం 101 దాటకపోతే ఇన్ఫెక్షన్ లేనట్టే, పాతకాలం తిండి తిన్న ఒళ్లకి రోగాలు అంటవు, టీకాలు పిల్లలకే, ఆ వయసులో పోతే అది వయసు వల్లే అని. ఆయన మంచికే పెట్టారు గానీ మొదటి ముక్క దగ్గరే మా ఇంట్లో ప్రాణం మీదకొచ్చింది.

పోయిన చలికాలం గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మమ్మ గోంగూర కలుపుకున్న ముద్ద చేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది, నన్ను మావయ్య పేరుతో పిలిచింది, సాయంత్రం బాత్రూం గుమ్మంలో కూలబడింది. థర్మామీటర్ చూస్తే 99.2. వీధి చివర ఆర్‌ఎంపీ వచ్చి వయసండీ, బలానికి మాత్రలేయండి అన్నాడు. మర్నాడు ఎక్స్‌రేలో నిమోనియా! పెద్దవాళ్లకి ఒంటి వేడి మామూలుగానే కాస్త తక్కువుంటుంది కాబట్టి నోట్లో పెట్టి చూస్తే 100 దాటినా, వాళ్ల మామూలు లెక్క మీద 2 డిగ్రీలు పెరిగినా జ్వరం కిందే చూడాలి, ఒక్కోసారి అదీ ఉండదు, ఉన్నట్టుండి తికమకపడ్డం, తిండి మానెయ్యడం, పడిపోవడం, ఆయాసం ఇవే కనపడతాయి.

పాతకాలం తిండి సంగతి. చిన్నప్పుడు తిన్న జొన్నన్నం 75లో కాపలా కాయదు. ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి వయసుతో కుంచించుకుపోయి ఇన్ఫెక్షన్లతో పోరాడే కొత్త టీ కణాలు తగ్గిపోతాయి, దాని మీద షుగరు, కిడ్నీ జబ్బు, చుట్టతో పాడైన ఊపిరితిత్తులు, స్టెరాయిడ్ మాత్రలు. ఇప్పుడేం తింటున్నారో చూడండి ముందు, కాఫీ, మజ్జిగన్నం, రాత్రికి రెండు ఇడ్లీ, అందులో ప్రొటీన్ ఎంతని?

ఫార్వర్డ్‌లో లేనిది ఒకటి చెప్పాలి. తాతయ్యకి పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాం కదా, ఎప్పుడో ఒకసారైతే సరే, పక్షవాతం వచ్చినవాళ్లకి రోజూ పొలమారుతుంటే మాత్రం నోట్లో క్రిములతో సహా మెతుకులు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగుతున్నాయేమో చూపించాలి. కూర్చోబెట్టి తినిపించాలి. కట్టుడు పళ్లు రాత్రి తీసెయ్యాలి, జపాన్‌లో 85 దాటినవాళ్ల మీద చేసిన స్టడీలో అవి పెట్టుకునే పడుకునేవాళ్లకి నిమోనియా రిస్కు రెండింతలకి పైనే తేలింది.

టీకాలు పిల్లలకే అన్నది శుద్ధ తప్పు. ఫ్లూది ఏటా వేయించుకోవాలి, వైరస్ మారుతుంటుంది గనక. నిమోనియా తెచ్చే ఒక రకం బాక్టీరియాకి నిమోకాకల్ టీకా ఉంది. ఎప్పుడో వచ్చిపోయిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని ముసలితనంలో సర్పిగా లేస్తుంది, దానికి 50 దాటినవాళ్లకి రెండు డోసుల టీకా మన దగ్గరా దొరుకుతోంది. ఏది ఎవరికో డాక్టర్ని అడగండి.

ఇక వయసు వల్లే పోయారు అనేది. వయసు రిస్కు పెంచుతుంది, కాదనను, కానీ మంచం పట్టిన 80 ఏళ్లాయనా, పొద్దున్నే రైతుబజారుకి నడిచెళ్లొచ్చే 80 ఏళ్లాయనా ఒకటి కాదు. మా అమ్మమ్మకి ఆ ఆర్‌ఎంపీ మాటతో ఇంకో రెండ్రోజులు ఆగుంటే మేమూ వయసే అనుకునేవాళ్లం.

ఇదంతా ముందు గ్రూపులోనే పెట్టా. బాబాయ్‌గారు ఏమీ అనలేదు, సాయంత్రం లిఫ్ట్ దగ్గర ఆపి, "మీ పిన్నిగారికి వారం నుంచి అన్నం తింటుంటే పొలమారుతోందిరా, ఎవరికి చూపించమంటావ్" అన్నారు.