సవరణ: గుడ్డు కస్టర్డ్‌కి పాల వేడి, మంట

పాతకాలపు గుడ్డు కస్టర్డ్ గురించి రాసినప్పుడు, మరిగే పాలు గిలక్కొట్టిన గుడ్లలో పోసి పెద్ద మంట మీద 20 నిమిషాలు ఆవిరి పట్టమన్నాం. రెండూ తప్పే. అలా చేసి పాడైతే లోపం మా రాతది, మీ చేతిది కాదు. కొలతలు మాత్రం మారవు: అర లీటరు చిక్కటి పాలు, 4 గుడ్లు, 80 గ్రాముల చక్కెర.

మరిగే పాలు ఒక్కసారిగా తగిలితే గుడ్డు అక్కడికక్కడే ఉడికి తునకలవుతుంది. వేలు ఓర్చుకునే వేడి చాలు. సన్నటి ధారగా పోస్తూ, నురగ రాకుండా కలిపి వడకట్టండి.

అసలు కీలకం మంట. కస్టర్డ్ సుమారు 80-85 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అది దాటితే గుడ్డులోని ప్రొటీన్ బిగుసుకుపోయి నీటిని బయటికి నెట్టేస్తుంది. కోసి చూస్తే స్పాంజిలా చిల్లులు, గిన్నె అడుగున నీళ్లు! అందుకే కింది నీళ్లు తెర్లకూడదు, సన్నగా కదులుతుంటే చాలు. గిన్నె లోతును బట్టి 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది. మూతకు పొడి గుడ్డ చుట్టండి, లేకపోతే ఆవిరి బొట్లు రాలి పైన గుంటలు పడతాయి.

గిన్నె కదిపినప్పుడు అంచులు నిలబడి, నడుమ మాత్రం ఇంకా వణుకుతుండగానే దించేయాలి. ఆ కాస్తా తన వేడికే గట్టిపడుతుంది.