రీలు కెమెరా ఉత్త ఫ్యాషన్ కాదండీ

కుర్రాళ్లు మళ్లీ ఫిల్మ్ రీలు వేసే పాత కెమెరాలు పట్టుకోవడం ఉత్త ఫ్యాషనేనని, ఫోన్‌లో ఫిల్టర్ వేస్తే అదే రంగు వస్తుందని ఓ వ్యాసంలో చదివాను. రంగు వరకూ ఒప్పుకుంటాను, కానీ ఫిల్మ్ మీద ఇష్టం రంగు కోసమే కాదండీ.

నాన్నగారి యాషికా కెమెరా నేనిప్పటికీ వాడుతున్నాను. రీలుకి 36 ఫొటోలు, జాగ్రత్తగా ఎక్కిస్తే ఇంకొకటి రెండు, ఇప్పటి రీలు ధరకి ఒక్కటి వృథా అయినా ప్రాణం ఉసూరుమంటుంది, అందుకే బటన్ నొక్కేముందు వెలుతురు ఎటునుంచి పడుతోందో, ఎదుటి మనిషి ఎప్పుడు నవ్వబోతున్నారో నిజంగా చూస్తాం. ఫోన్‌తో నేనెప్పుడూ అలా చూడలేదు.

బ్లాక్ అండ్ వైట్ రీళ్లు ఇంట్లోనే కడుగుతాను. ఫిల్మ్ మీద బొమ్మని తేల్చే రసాయనం, డెవలపర్, 20 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది, మే నెల హైదరాబాద్‌లో కుళాయి నీళ్లు ఎలా కాగిపోతాయో తెలుసుగా, బకెట్‌లో ఐస్ ముక్కలు వేసి సీసాలు అందులో పెడతాను. ఓసారి బొమ్మ చెరిగిపోకుండా నిలిపే ఫిక్సర్‌లో కడగడం అయ్యాక, తెలుపు నలుపులు తారుమారుగా ఉండే ఆ తడి నెగటివ్‌ని లైటుకి ఎత్తి చూస్తే అమ్మమ్మ తెల్ల జుట్టు నల్లగా, ముదురు రంగు చీర తెల్లగా కనబడ్డాయి. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆరోజు ఆవిడ మీద పడిన వెలుతురే వచ్చి తాకి ఆ ఫిల్మ్‌లోని వెండిని నల్లబరిచింది, ఆ ముక్క ఇంకా నా దగ్గరే ఉంది. ఏ ఫిల్టర్ ఇస్తుంది దాన్ని?

మీ అటక మీద పాత నెగటివ్‌లుంటే మాత్రం పారేయకండి, ఫంగస్ పట్టకుండా తేమ తగలని చోట పెట్టండి.